చిగుళ్ళ రంగు పీఠం

...అయినా ఈ పడవ వంపులోనే ఏదో దురుద్దేశం ఉంది. కంటికి చదునుగా కనిపిస్తుంది, చెయ్యి వేస్తే జారిపోతుంది. నోట్లో ఏళ్ళ తరబడి నానుతూ, వేడికీ చల్లదనానికీ ఓర్చుకుంటూ, నవ్వినా తుమ్మినా కదలని పళ్ళు తయారు చేసేవాడికి, అరచేతిలో పట్టేంత యంత్రాన్ని పడవ మీద నిలబెట్టడం చేతకాదా? చేతకాలేదు. మూడోసారి కూడా చేతకాలేదు. మొదటిసారి ఎండని తిట్టుకున్నాడు, రెండోసారి ఉప్పునీటిని. ఇవాళ తిట్టడానికి ఎవరూ మిగల్లేదు కాబట్టి వంపుని తిడుతున్నాడు.

ఇంటి వెనక షెడ్డులో, స్టూళ్ళ మీద మడతపెట్టిన పాత దుప్పట్లపై పడవ పడుకుని ఉంది. దాని పక్కల నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. వేగం చూపించే ఆ కొత్త జీపీఎస్ సన్నటి తాడుకి వేలాడుతూ మెల్లగా తన చుట్టూ తాను తిరుగుతోంది. ఆ తాడు కట్టబట్టి సరిపోయింది. లేకపోతే ఈపాటికి సముద్రం అడుగున చేపలకి వాటి వేగం చెబుతూ ఉండేది.

యంత్రం కింద పెట్టిన పీఠంలో లోపం లేదు. ఆ మాట ఎవరి ముందైనా అంటాడు. పడవ పైభాగాన, అదే వీపు మీద, తన సీటు ముందు యంత్రం కూర్చోవాల్సిన చోటికి ప్లాస్టర్‌తో అచ్చు తీసి, పళ్ళ సెట్టు పోసినట్టే పోశాడు. వెంట్రుక దూరే సందు లేదు. అతని లాబ్‌లో ఉన్నది చిగుళ్ళ రంగు పొడే కాబట్టి పీఠం కూడా అదే రంగులో వచ్చింది. తెల్లటి పడవ మీద గులాబి ముద్ద. మొదటిరోజు భార్య వంగి దాన్ని గోటితో తట్టి చూసింది.

"పడవకి చిగుళ్ళు పెట్టారా? బావుంది. పళ్ళు కూడా పెట్టేయండి, అడ్డొచ్చినవాణ్ణి కరుస్తుంది," అంది.

రెండు స్క్రూలు బిగిస్తే ఒక్క పూటలో తేలిపోయేది. కానీ "పడవకి చిల్లు పెట్టారో, మీకూ పెడతా" అని ఆమె ముందే చెప్పేసింది. ఆమె బడిలో లెక్కల టీచరు. చెప్పిందంటే చేస్తుంది. కనుక గట్టి జిగురు టేపు. ఎలా అంటించాలో అతనికి ఒకరు చెప్పాలా? అంటించే ముందు మంచినీళ్ళతో కడిగాడు, ఆరబెట్టాడు, జేబులోంచి తన గుడ్డ తీసి గుండ్రంగా తుడిచాడు, అనుమానం వచ్చి మళ్ళీ తుడిచాడు. పని చేసేటప్పుడు అతని చెయ్యి ఎప్పుడూ తొందరపడదు. ఆ చేతిని చూసే పళ్ళ డాక్టర్లు అతనికి పని పంపిస్తారు.

ఊడింది. ఊడింది. మళ్ళీ ఊడింది.

ఈ రకం పడవని సర్ఫ్‌స్కీ అంటారు. సన్నగా, పొడుగ్గా, దొండకాయని సాగదీసినట్టు ఉంటుంది. ఇద్దరు ఒకరి వెనక ఒకరు కూర్చుని తెడ్లు వేస్తారు. ముందు కూర్చునేది ఆమె. దారి ఆమెది, లయ ఆమెది, పాత జీపీఎస్ కూడా ఆమె కాళ్ళ ముందే. వెనక కూర్చునేవాడికి ఒక టోపీ, ఒక మెడ, ఒక వీపు. సముద్రం అంతా అటూ ఇటూ మిగిలిన ముక్కలుగా కనిపిస్తుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో చూడనంత సేపు ఆమె మెడని ఈ పడవలోనే చూశాడు. దాని మీద ఒక పుట్టుమచ్చ ఉందని కూడా ఇక్కడే తెలిసింది.

వెనకవాడు అడుగుతాడు: "ఎంత?"

ముందావిడ చెబుతుంది: "తొమ్మిది."

గంటకి తొమ్మిది కిలోమీటర్లు. చలికాలం భుజం పట్టేయక ముందు తొమ్మిది. భుజం పట్టేసి, చొక్కా తొడుక్కోవడానికి కూడా ఆమె సాయం కావలసి వచ్చి, నెలల తరబడి గోడ మీద వేళ్ళు పాకించే వ్యాయామాలు చేసి, మళ్ళీ పడవెక్కిన రోజున కూడా తొమ్మిదే. ఆ రోజు ఆనందంతో తెడ్డు ఇంకాస్త గట్టిగా వేశాడు. వారం గడిచాక ఆ ఆనందంలోంచి సన్నగా ఒక పురుగు తల బయటపెట్టింది. ఎలా తొమ్మిది? కుడివైపు తెడ్డు సగం లోతుకే దిగుతోందని అతనికి తెలుస్తూనే ఉందిగా? ఎదురుగాలి ఉన్న రోజూ తొమ్మిదే, లేని రోజూ తొమ్మిదే. లెక్కల టీచరు నోటి నుంచి వచ్చింది కదా అని ఇన్నాళ్ళూ అనుమానించడానికి మొహమాటపడ్డాడు.

ఒడ్డుకి వచ్చాక ఆమె యంత్రం తీసి చూస్తే సగటు వేగం ఉంటుంది. కానీ సగటులో అన్నీ కలిసిపోతాయి. ఆమె నీళ్ళు తాగడానికి ఆగిన సేపు, వాళ్ళ పడవల క్లబ్బు కోచ్ ఆపి తిట్టిన సేపు, అన్నీ. భుజం ఏ క్షణాన వదిలేస్తోందో, ఆ క్షణాన అంకె ఎంత కిందికి పడుతోందో, అది కావాలి అతనికి. చేతికి వాచీ కట్టుకోవచ్చుగా అని అందరూ సలహా ఇచ్చారు. తెడ్డు వేసే చెయ్యి ఒక్క చోట నిలబడితే కదా వాచీ చూడటానికి! కళ్ళ ముందు ఉండాలి. కదలకుండా ఉండాలి. తన కోసం ఉండాలి.

దీవి ప్రయాణం లేకపోతే ఇంత పంతం వచ్చేది కాదేమో. ఆదివారం క్లబ్బు పడవలన్నీ కలిసి దీవి దాకా వెళ్తాయి. గుంపు గంటకి ఎనిమిది కిలోమీటర్లు తగ్గకుండా పోతుంది. తగ్గినవాళ్ళని సగం దారిలో, గుర్తుకోసం నీటి మీద తేలే ఎర్ర బోయ దగ్గర వెనక్కి తిప్పేస్తారు. తిప్పితే ఇద్దరినీ తిప్పుతారు. ఆమె రెండేళ్ళుగా ఆ దీవి గురించే మాట్లాడుతోంది. నిరుడు ఆమె బడిలో పరీక్షలు అడ్డొచ్చాయి. ఈసారి అడ్డొచ్చేది తనే అయితే?

ఇవాళ పొద్దున నీళ్ళు అద్దంలా ఉన్నాయి. బోయ దాటేదాకా పీఠం గట్టిగానే ఉంది. తెర మీద నీటి చుక్కలు పడితే ఊదుకున్నాడు. అంకెలో మొదటిది ఏడో, తొమ్మిదో తేలబోతున్న క్షణంలో గులాబి ముద్ద ఒక అంచు లేపింది. ఎగిరి పడలేదు, పోనీ. మర్యాదగా సెలవు తీసుకుంటున్న చుట్టంలాగా మెల్లగా ఒక పక్కకి జరిగింది. అతను తెడ్డు వదిలి ముందుకి వంగాడు.

"ఏమండీ! ఏం చేస్తున్నారు వెనక?"

"ఏం లేదు. నువ్వు తెడ్డెయ్."

"ఏం లేకపోతే పడవ ఎందుకూగుతోంది? డాన్సు కడుతున్నారా?"

"ఊడిపోయింది."

"ఏది?"

"చిగుళ్ళు."

ఆమె వీపు కుదుపుగా కదిలింది. నవ్వుతోంది. వెనక సీటువాడికి నవ్వులన్నీ వీపు మీదే కనిపిస్తాయి. ఆ నవ్వుకి మొహం ఎలా ఉందో తెలియదు. అతనికి ఒళ్ళు మండింది.

"ఎంత?" అన్నాడు కోపంగా, అలవాటుగా.

"తొమ్మిది," అంది ఆమె.

పడవ దాదాపు నిలబడి ఉంది. పక్కనే తేలుతున్న కొబ్బరి పీచు ముక్క వాళ్ళతో పాటే, వాళ్ళంత వేగంతోనే ఉంది.

అతను తెడ్డు అందుకున్నాడు. ఒడ్డుకి వచ్చేదాకా దించలేదు. మోటారు బోటులో వెనకాలే వచ్చిన కోచ్ దారంతా మాట్లాడుతూనే ఉన్నాడు. అతని మెడలో ఎప్పుడూ విజిల్ ఉంటుంది, అది వాడాల్సిన అవసరం ఒక్కరోజూ రాలేదు. అంత గొంతు.

"ఏంటన్నా, సముద్రం మధ్యలో రిపేరు షాపు తెరిచావ్?"

"జిగురు సరిగ్గా లేదు."

"నువ్వే అలా అంటే మా అమ్మకి పెట్టిన పళ్ళ గతేంటి?" అని, ఇసుకలో పడవ దింపుతుంటే గొంతు కాస్త తగ్గించాడు. "వదినా, పేర్లు రేపు సాయంత్రానికి చెప్పెయ్యాలి. జంటగా. మొహమాటం పెట్టుకోకండి, నేనూ పెట్టుకోను. ఎనిమిది తగ్గితే బోయ దగ్గరే తిప్పేస్తా."

దీవికి జత దొరకని మందుల షాపావిడ కాస్త దూరంలో తెడ్డు పట్టుకుని నిలబడి, ఎటో చూస్తోంది. ఎటో చూడటంలో ఆవిడ పడుతున్న శ్రమ అతనికి కనిపించింది. ఆవిడకి బలమైన భుజాలున్నాయి. రెండూ.

ఇప్పుడు షెడ్డులో అతను వేలాడుతున్న యంత్రాన్ని పట్టుకుని తిరగడం ఆపాడు. వదిలాడు. మళ్ళీ అటువైపు తిరగడం మొదలుపెట్టింది. పడవ వీపు మీద జిగురు అంటిన జాడ కూడా లేదు. టేపు శుభ్రంగా, ఏమీ పట్టనట్టు, పీఠంతో పాటే వచ్చేసింది. ఏదైనా పట్టుకుని ఊడితే కనీసం ఒక గాటు మిగులుతుంది. ఇది అసలు పట్టుకోనే లేదు. ఈ ఆలోచన దగ్గర మనసు ఒక్క క్షణం ఆగింది, ఆగి, ఎందుకో తొందరగా పక్కకి తప్పుకుంది. అప్పుడే ఫోను మోగింది.

"ఏవయ్యా, ఆ పెద్దాయన పై పళ్ళ సెట్టు ఊడొస్తోందట," అంది డాక్టరమ్మ. ఆవిడ ఆసుపత్రి పళ్ళ పనంతా ఇతనికే వస్తుంది. "మనవరాలికి ముద్దివ్వబోతే ఆ పిల్ల చేతిలోకి వచ్చేసిందట. అది అప్పట్నుంచీ తాతయ్య మొహంలో ఇంకేం ఊడతాయో అని లాగి చూస్తోందట."

"ఇవాళే చూస్తానండీ. సెట్టు తప్పు కాదది. ఆయన చిగుళ్ళు తగ్గుంటాయి."

"నాకు తెలుసులే. ఆయనకి చెప్పు. తనలో తగ్గిందంటే ఎవరొప్పుకుంటారు? నీ భుజం ఎలా ఉంది?"

"భుజానికేం? బ్రహ్మాండంగా ఉంది."

లాబ్ రెండు వీధుల అవతల. ఒకే గది. కిటికీ కింద బల్ల, బల్ల మీద ఎవరి మొహాలూ లేని దవడలు వరసగా. గాలిలో ప్లాస్టర్ పొడి, మైనం వాసన. అతనికి ప్రపంచంలో ఎక్కడైనా ఊపిరి సరిగ్గా ఆడుతుందంటే ఇక్కడే. పెద్దాయన సెట్టు డబ్బాలో వచ్చి ఉంది. ప్లాస్టర్ కలిపి అచ్చు పోశాడు. గట్టిపడ్డాక దాని మీద కొత్త పొర పొయ్యాలి. పోసింది అచ్చుకి అతుక్కుపోకుండా ముందు వాసెలిన్ పుయ్యాలి.

బల్ల పైన గోడకి రెండు మేకులున్నాయి. ఎడమ మేకుకి వాసెలిన్ గుడ్డ, కుడి మేకుకి స్పిరిట్ గుడ్డ. ఒకటి అతుక్కోకుండా చేసేది, ఒకటి అతుక్కునేలా శుభ్రం చేసేది. ఏళ్ళ తరబడి వాటి వంక చూడాల్సిన పని కూడా పడలేదు. చెయ్యి దానంతటదే వెళ్తుంది. ఇప్పుడూ వెళ్ళింది. ఎడమ మేకు ఖాళీగా ఉంది.

బల్ల కింద చూశాడు. సింకు దగ్గర చూశాడు. చెత్తబుట్ట కూడా కెలికాడు. తర్వాత నిలబడి, చాలా నెమ్మదిగా, దొంగతనం చేసింది ఎవరో తెలిసిపోయిన మనిషిలా, తన ప్యాంటు జేబులో చెయ్యి పెట్టాడు.

గుడ్డ మెత్తగా, జిడ్డుగా, వెచ్చగా ఉంది.

కూర్చున్నాడు. ముందు నవ్వొచ్చింది. గట్టిగా, ఒక్కడే, దవడల ముందు. జిగురు అంటించే ప్రతిసారీ, ఎంతో శ్రద్ధగా, గుండ్రంగా, పడవ వీపుకి వాసెలిన్ పూశాడన్నమాట. అనుమానం వచ్చి మళ్ళీ పూశాడు. ఎంత జాగ్రత్తపడితే అంత బాగా ఊడేలా చేసుకున్నాడు. ఇంతకన్నా పకడ్బందీగా తన పని తను చెడగొట్టుకునేవాడు ఉంటాడా?

తర్వాత నవ్వు ఆగిపోయింది.

పొరపాటు అనుకోవచ్చు. అనుకుంటే ఇక్కడితో అయిపోతుంది. కానీ పొరపాటు ఒక్కసారి జరుగుతుంది. ఈ బల్ల దగ్గర ఇన్నేళ్ళలో, జ్వరంతో చేసిన రోజుల్లో కూడా, ఒక్క రోజైనా ఈ చెయ్యి ఎడమ మేకుకీ కుడి మేకుకీ తేడా మర్చిపోయిందా? పడవ దగ్గరికి వెళ్ళేటప్పుడు మాత్రమే, అదీ ప్రతిసారీ, మర్చిపోయిందా? వేళ్ళకి ఆ జిడ్డు తగిలుంటుంది. తగిలినప్పుడు వేళ్ళు ఎవరితోనూ చెప్పలేదు. తనలోనే ముందు కూర్చున్నవాడు అంకె కావాలి, అంకె కావాలి అని గోల పెడుతుంటే, వాడికి కనిపించని సీటులో ఇంకొకడు కూర్చుని చడీచప్పుడు లేకుండా తెడ్డు వెనక్కి వేస్తున్నాడు. ముందువాడు ఎంత లాగినా పడవ కదలదు. ముందువాడు ఎండని తిడతాడు, ఉప్పునీటిని తిడతాడు, వంపుని తిడతాడు, భార్యని అనుమానిస్తాడు. వెనక్కి తిరిగి చూడడు.

ఇది కనిపెట్టినందుకు హాయిగా ఉండాలి కదా? లేదు. ఇంకా చిరాకేసింది. తన మీద తనకి కోపం వస్తే దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియదు. గుడ్డని నేలకేసి కొట్టాడు. గుడ్డని కొడితే చప్పుడు కూడా రాదు. తీసి మళ్ళీ ఎడమ జేబులోనే పెట్టుకున్నాడు. కుడి మేకు మీది స్పిరిట్ గుడ్డని కుడి జేబులో కుక్కుకుని, చిన్న స్పిరిట్ సీసా చేత్తో పట్టుకున్నాడు. పెద్దాయన సెట్టు రేపటికి పడింది.

ఇంటికొచ్చేసరికి ఆమె షెడ్డులోనే ఉంది. పడవ మీది ఉప్పు కడుగుతోంది. మర్నాటికి దిద్దాల్సిన పరీక్ష కాగితాలు స్టూలు మీద, ఎగిరిపోకుండా వాటి మీద ఆమె చెప్పు.

"మీ యంత్రాన్ని ముట్టుకోలేదు. తర్వాత నన్నంటారు," అంది.

అతను సీసా కింద పెట్టాడు. అడిగెయ్యాలి.

"పొద్దున పడవ ఆగిపోయినప్పుడు ఎంత అని అడిగాను. తొమ్మిదన్నావు."

ఆమె చెయ్యి ఆగింది. "అన్నానా?"

"అన్నావు."

"అలవాటైపోయింది," అని గుడ్డ పిండింది. "చూడండి, నాకా తెర మీద ఏమీ కనపడదు. ఎండ పడిందంటే అందులో నా మొహమే కనిపిస్తుంది. మొదట్నుంచీ అంతే."

"మొదట్నుంచీనా?"

"మొదట్నుంచీ."

"మరి తొమ్మిది?"

"మీరడుగుతారు, నేను చెప్తాను. తెలీదంటే ఊరుకుంటారా? ఎందుకు కనపడదు, ఏ కోణంలో పెట్టావ్, తల ఇటు వంచు, అటు వంచు... నడిసముద్రంలో తగువు. తొమ్మిదంటే నోరుమూసుకుని తెడ్డేస్తారు."

"లెక్కల టీచరువి!"

"బడిలో."

అతను స్టూలు మీద కూర్చోబోయి, పరీక్ష కాగితాలు చూసి ఆగిపోయాడు. ఇన్ని నెలలు ఆ అంకె పట్టుకుని సంతోషపడ్డాడు, అనుమానపడ్డాడు, పీఠం పోశాడు. అది అబద్ధం కూడా కాదు. ఏమీ కాదు. పిల్లాడు ఏడవకుండా చేతిలో పెట్టే తాళంచెవుల గుత్తి.

"సరే, అంకె వదిలెయ్. నీకు తెలుస్తుందిగా, ముందు కూర్చుంటావు. నేను బరువా?"

ఆమె వెంటనే కాదంటుందని చూశాడు. ఆమె ఆలోచించింది.

"కొన్ని రోజులు," అంది. "సిమెంటు బస్తా ఎక్కించుకుని లాగుతున్నట్టుంటుంది. కొన్ని రోజులు ఏం తెలీదు, బాగానే పోతాం. ఏ రోజు ఎలా ఉంటుందో నాకేం తెలుసు? మీ భుజం మీది."

"చెప్పచ్చుగా."

"చెప్తే మానేస్తారు. మీ సంగతి నాకు తెలీదా? ఎవరైనా పనికి వంకపెడితే చాలు, డబ్బా మూసేసి ఇంటికొచ్చేస్తారు." ఆమె గుడ్డని బకెట్లో పడేసింది. "ఇంకో మాట చెప్తా, కోప్పడకండి. నేను దీవికి వెళ్ళాలి. మీతో అయితే మీతో. లేకపోతే ఆ మందుల షాపావిడతో వెళ్తా. మొహమాటానికి మీతో బయల్దేరి, బోయ దగ్గర్నుంచి వెనక్కి రావడం నావల్ల కాదు. రేపు సాయంత్రంలోగా తేల్చండి. నేను తేల్చను. నేను తేలిస్తే జన్మంతా దెప్పుతారు."

"నేనెందుకు దెప్పుతా?"

"చూశారా, అప్పుడే మొదలుపెట్టారు," అని కాగితాలు, చెప్పు తీసుకుని, ఒక కాలికి చెప్పు లేకుండానే ఇంట్లోకి వెళ్ళిపోయింది.

షెడ్డులో అతనూ పడవా మిగిలారు. తలుపులోంచి పడుతున్న సాయంత్రపు వెలుగులో పడవ వీపు మెరుస్తోంది. ఇప్పుడు తెలిశాక ఆ మెరుపులో తేడా కూడా కనిపించింది. పీఠం కూర్చోవాల్సిన చోట, అరచేతంత మేర, కాస్త ఎక్కువ మెరుపు. నీళ్ళు పడ్డచోట చుక్కలు పరుచుకోకుండా పూసల్లా నిలబడ్డాయి. ఇన్ని రోజులూ ఇది కళ్ళ ముందే ఉంది.

కొత్త టేపు ముక్క కత్తిరించి పీఠం అడుగున అంటించాడు. పై కాగితం తియ్యలేదు. రేపు పొద్దున నీళ్ళు ఇలాగే ఉంటే, ఇది నిలబడితే, అంకె కనిపిస్తుంది. ఏడో, తొమ్మిదో. ఏడైతే మందుల షాపావిడకి తనే చెప్పాలి. ఆదివారం ఒడ్డున నిలబడి, ఎటో చూస్తున్నట్టు నటించాలి. ఊడిపోతే? ఊడిపోతే ఏమీ ఉండదు. అయ్యో అంటాడు. ఆమె నవ్వుతుంది. కోచ్ వాళ్ళమ్మ పళ్ళ గురించి మళ్ళీ అంటాడు. అంకె తెలియకుండానే సాయంత్రం అవుతుంది, అంకె లేదు కాబట్టి ఇద్దరి పేర్లూ ఇచ్చెయ్యమనొచ్చు. తప్పెవరిదీ కాదు. జిగురుది.

చెయ్యి జేబులోకి వెళ్ళింది. ఎడమ జేబులోకి. వాసెలిన్ గుడ్డ వేళ్ళకి మెత్తగా తగిలింది. ఎంత సహజంగా వెళ్ళిందో చూసి అతనికి భయమేసింది. షెడ్డులో ఎవరూ లేరు. తుడిచేటప్పుడు చూసేవాళ్ళు లేరు, తుడిచాక కనిపెట్టగలిగేది తనొక్కడే. ఆ ఒక్కడు ఇంతకాలం కనిపెట్టకుండా ఉండగలిగాడు, ఇంకొక్క రోజు ఉండలేడా? కుడి భుజంలో ఎక్కడో సన్నగా లాగింది. అది నిజంగా లాగిందో, ఆలోచన లాగిందో చెప్పడం కష్టం.

"మీ టీ చల్లారిపోతోంది!" అని ఇంట్లోంచి కేక వినిపించింది. "యంత్రానికి నైవేద్యం పెట్టడం అయిపోతే రండి!"

"వస్తున్నా," అన్నాడు.

ఎడమ జేబులోంచి చెయ్యి ఖాళీగా తీశాడు. కుడి జేబులోంచి స్పిరిట్ గుడ్డ లాగి, సీసా మూత తిప్పి, తడిసేదాకా వంపి, పడవ వీపు మీద మెరుస్తున్న ఆ అరచేతంత చోటుని గట్టిగా రుద్దాడు.